ఊరికే కూర్చోవడానికి మూలమేది?

మా కేంద్రంలో మూడు నెలలపాటు ఎవరికైనా మేలు చెయ్యాలంటే ముందు మూలం చెప్పాల్సి వచ్చింది. మంచినీళ్లు ఇవ్వాలన్నా, దుప్పటి కప్పాలన్నా, ఆ పని మంచిదని ఏ పరిశోధనలో, ఏ సంవత్సరంలో తేలిందో పైకి చెప్పి మరీ చెయ్యాలి. చెప్పకుండా చేస్తే అది సేవ కాదు, క్రమశిక్షణ తప్పడం. నవ్వకండి. ఇదంతా సర్క్యులర్ ప్రకారమే జరిగింది.

కేంద్రం పూర్తి పేరు ప్రభుత్వ వయోవృద్ధుల సంరక్షణ, మానసికారోగ్య సేవా కేంద్రం. బోర్డు గేటు కన్నా వెడల్పు. లోపల ఉన్నది నలభై రెండు మంచాలు, ఇద్దరు ఆయాలు, వారానికోసారి వచ్చే డాక్టరు, అచ్యుతరామయ్య గారనే సూపరింటెండెంటు. మానసికారోగ్యం మాత్రం బోర్డు మీదే ఉంది. ఆ నిపుణుడి పోస్టు నేను వచ్చిన దగ్గర్నుంచీ ఖాళీ. నాది పదకొండో నంబరు మంచం. ముప్పయ్యేళ్లు జూట్ మిల్లులో చేశాను. నోటీసు కనిపిస్తే చివరి అక్షరం దాకా చదవడం అక్కడ పట్టిన జబ్బు.

సంగతి ఇలా మొదలైంది. ఇరవై రెండేళ్ల కిందట ప్రొఫెసర్ హైమవతి గారనే పరిశోధకురాలు మా కేంద్రానికి వచ్చి, ఆర్నెల్లు ఉండి, ముసలివాళ్ల దిగులు గురించి నోట్సు రాసుకుని వెళ్లారట. ఆ తర్వాత ఆమె ఎనభై ఆరు వ్యాసాలు అచ్చు వేశారు. ముప్పై ఒక్క దేశాల్లో నాలుగు వేల చిల్లర మంది తమ వ్యాసాల్లో ఆమె పేరు ఎత్తారు. ఆమెకు పెద్ద పురస్కారం ఇవ్వాలని పై శాఖ వాళ్లు సంకల్పించారు. దరఖాస్తులో గడులన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. ఆ గడి పేరు 'క్షేత్రస్థాయి ప్రభావం'.

ఆ గడి నింపడానికి మృత్యుంజయరావు గారు వచ్చారు. ఆయన హోదా ప్రభావ మూల్యాంకన ప్రత్యేకాధికారి. ముసలివాళ్ల కేంద్రానికి ఆ పేరు గలాయన రావడం శుభమే అనుకున్నాం. ఆయన తిన్నగా దాలినాయుడు మంచం దగ్గర ఆగారు. దాలినాయుడు రైల్వేలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైనవాడు.

"మీ మీద ప్రొఫెసర్ హైమవతి గారి పరిశోధనా ప్రభావం ఏ మేరకు ఉన్నది?"

"ఎవులు బాబూ ఆవిడ?"

"వృద్ధాప్య మనోసేవల రంగంలో అంతర్జాతీయ ఖ్యాతి గడించిన విదుషీమణి."

దాలినాయుడు కళ్లు మూసుకుని నిజాయితీగా ఆలోచించాడు. "మన బోగీలో ఎక్కినట్టు లేదు బాబూ."

నలభై రెండు మంచాలూ అయ్యాయి. ఆయన ఫారంలో నలభై రెండు సున్నాలు చేరాయి. అచ్యుతరామయ్య గారికి చెమటలు పట్టాయి.

"సార్, ప్రభావం లేదని రాసేస్తారా?"

"సూపరింటెండెంట్ గారూ," అన్నారు మృత్యుంజయరావు గారు, పెన్ను మూత పెడుతూ, "ప్రభావం లేకపోవడం అనేది ఉండదు. ప్రభావం నమోదు కాకపోవడం మాత్రమే ఉంటుంది."

మర్నాడే సర్క్యులర్ అంటించారు. 'ఇకమీదట ఈ కేంద్రమందు అందింపబడు ప్రతి సేవయు, సదరు సేవకు ప్రాతిపదికయైన పరిశోధనను మౌఖికముగా ఉల్లేఖించిన మీదటనే అందింపబడవలెను. ఉల్లేఖన రహితమైన సేవ సేవగా పరిగణింపబడదు.'

"ఉల్లేఖనం అంటే ఏటండీ?" అని అడిగింది ఆయా పైడమ్మ.

అచ్యుతరామయ్య గారు విడమర్చారు. "నువ్వు మంచినీళ్లు ఇస్తున్నావనుకో. 'హైమవతి, రెండు వేల పది' అని చెప్పి ఇవ్వాలి. నీళ్లు తాగితే ముసలివాళ్లకి మతి నిలుస్తుందని ఆవిడ ఆ ఏడు రాశారు."

"ఆవిడ రాయకముందు నీళ్లు తాగీవోరు కారేటండి?"

"తాగేవాళ్లు. నమోదు కాలేదు."

రోజుకి ఎన్ని ఉల్లేఖనాలు జరిగాయో వరండాలో నల్లబల్ల మీద రాయడం మొదలుపెట్టారు. ఆ బల్ల మీద అంతకుముందు ఆ పూట కూర పేరు ఉండేది. ఏం కూరో మాకు తెలియకుండా పోయింది గాని, మంగళవారం నాడు మూడు వందల పద్నాలుగు ఉల్లేఖనాలు జరిగాయని తెలిసింది. అయినా కూర గురించి తెలుసుకోవడానికేం మిగల్లేదు. రెండు వేల పదకొండు నాటి వ్యాసంలో 'మెత్తని ఆహారం, ఉదాహరణకు ఉప్మా' అని ఉంది. ఇడ్లీ మీద ఎక్కడా వ్యాసం లేదు. కనుక పొద్దున ఉప్మా, రాత్రి ఉప్మా. పంతొమ్మిదో రోజున వంటవాడే తన ఉప్మా తినలేక ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకున్నాడు.

'ఎలా ఉన్నారు' అని పేరు పెట్టి పలకరిస్తే దిగులు తగ్గుతుందని ఇంకో వ్యాసంలో ఉంది. అయితే ఆ పరిశోధన నూట పన్నెండు మంది ఆడవాళ్ల మీద చేశారు. మగవాళ్లకి వర్తిస్తుందని రుజువు లేదు. కనుక మగవార్డులో పలకరింపులు ఆపేశారు. దానికి బదులు మాకు తోటపని వచ్చింది. మొక్కలకు నీళ్లు పోస్తే మగవాళ్ల మనసు కుదుటపడుతుందని పదమూడు నాటి వ్యాసం. కేంద్రంలో ఉన్నది ఒక్క మందార మొక్క. పంతొమ్మిది మంది మగవాళ్లం రోజుకి రెండుసార్లు మనసు కుదుటపరుచుకున్నాం. వారానికి మందార కుళ్లిపోయింది. మొక్కల మీద వ్యాసం లేదు గనుక అది ప్రభావం కిందకు రాలేదు.

తనిఖీ పని దాలినాయుడికి అప్పగించారు. వాడు పెట్టె అడుగునుంచి నల్లకోటు తీసి తొడుక్కున్నాడు. పదేళ్లు తగ్గినట్టు కనిపించాడు. నిజం చెప్పాలంటే ఆ సర్క్యులర్ వల్ల బాగుపడిన మనిషి వాడొక్కడే.

నా మోకాలికి మందు రాయడానికి వచ్చిన ఆయాని ఆపి, "మూలం?" అన్నాడు.

"హైమవతి, రెండు వేల ఆరు," అంది ఆవిడ.

"అది కుడి మోకాలి మీద. ఇది ఎడంది. దిగిపోవాలి."

"ఒరే దాలిగా, నొప్పిరా," అన్నాను.

"నొప్పికి టికెట్టు లేదు గురువుగారూ. నానేటి సేస్తాను? మళ్లీ కుడి మోకాలు నొచ్చినప్పుడు చెప్పండి, దర్జాగా రాయించుకుందురు గాని."

ఇంతవరకూ నవ్వులాటే. మేమూ ఆడుకున్నాం. తుమ్మినా 'హైమవతి' అనేవాళ్లం. సూర్యోదయం చూసి ఒకాయన 'హైమవతి, రెండు వేల పదిహేను' అంటే దాన్ని కూడా బల్ల మీద ఎక్కించారు. సుభద్రమ్మ గారి దగ్గరకు వచ్చేసరికి మాత్రం నవ్వు ఆగింది.

సుభద్రమ్మ గారు ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. జిల్లాలో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ముందు ఆమెతో మాట్లాడాల్సిన రోజులవి. అలాంటి మనిషి మా కేంద్రానికి వచ్చి ఏడాదైంది, నోట ఒక్క మాట లేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. గొంతు బాగానే ఉందని డాక్టరు చూశాడు. ఎవరు కంచం పెట్టినా గోడవైపు తిరిగి పడుకునేది. ఒక్క పైడమ్మ వెళ్తే తినేది.

పైడమ్మ చేసే వైద్యం ఏమిటో నేను కళ్లారా చూశాను. కంచం పక్కన పెడుతుంది. మంచం వార కింద కూర్చుంటుంది. ఆమె వైపు చూడదు. తినమనదు. ఒళ్లో కాస్త దూది వేసుకుని దీపానికి వత్తులు చేసుకుంటూ ఉంటుంది. పావుగంట గడుస్తుంది. ఒక్కోసారి అరగంట. అప్పుడు సుభద్రమ్మ గారి చెయ్యి మెల్లిగా కంచం మీదికి వస్తుంది. అంతే.

ఒక బుధవారం మృత్యుంజయరావు గారు ఈ దృశ్యం చూశారు.

"ఏమి చేస్తున్నావమ్మా?"

"కూకున్నాను బాబూ."

"ఏ నిమిత్తం?"

"నాను కూకుంటే అమ్మ తింతాది."

"మూలం చెప్పు."

పైడమ్మ చేతిలో వత్తి ఆగింది. "మూలం ఏటుంటాది బాబూ? ఊరికినే కూకున్నాను."

ఆ 'ఊరికినే' అన్న మాట ఆయనకు బల్లెంలా తగిలింది. "ఊరికే! ప్రభుత్వ సమయంలో, ప్రభుత్వ ప్రాంగణంలో, ఊరికే! సూపరింటెండెంట్ గారూ, ఈ కూర్చోవడం మాటల చికిత్స కాదు. భోజన సహాయం కాదు. పర్యవేక్షణ కూడా కాదు, ఈమె రోగి వైపు చూడనే లేదు. దీనికి శాస్త్రీయ హోదా లేదు. తక్షణం నిలిపివేసి, రుజువైన విధానం ప్రవేశపెట్టండి."

రుజువైన విధానం నలభై ప్రశ్నల పట్టిక. అచ్యుతరామయ్య గారు కుర్చీ వేసుకుని చదివేవారు. "గత రెండు వారాలలో మీకు ఆకలి తగ్గినట్లు అనిపించిందా? అస్సలు లేదు, కొద్దిగా, తరచుగా, ఎల్లప్పుడూ. ఏదో ఒకటి చెప్పండమ్మా. పోనీ వేలు చూపించండి." ఆమె గోడవైపు తిరిగింది. కంచం చల్లారింది.

బుధవారం తినలేదు. గురువారం అరగ్లాసు మజ్జిగ. పైడమ్మ ఉండబట్టలేక ఒకసారి వెళ్లి కూర్చుంటే మెమో ఇచ్చారు. ఇంకోసారి కూర్చుంటే ఉద్యోగం తీసేస్తామన్నారు. శుక్రవారం నాడు ఆర్డరు టైపయింది. ఆహారం నిరాకరిస్తున్న సుభద్రాదేవిని సోమవారం ఉదయం నగరంలోని మానసిక చికిత్సాలయం, మూసిన వార్డుకు తరలించవలెను. అంతకుముందు మా దగ్గర్నుంచి ముగ్గురిని అలా తరలించారు. అక్కడ ముగ్గురిలో ఒక్కరి పక్కనా కూర్చోవడానికి పైడమ్మ లేదు. ఒక్కరూ తిరిగి రాలేదు.

ఆ ఆర్డరు రాకముందే, గురువారం పొద్దున నేను సూపరింటెండెంటు గదికి వెళ్లాను. "అయ్యా, ఆయాని పది నిమిషాలు కూర్చోనివ్వండి. పోయేదేముంది?"

"నాకు మాత్రం జాలి లేదా చెప్పండి? కాని రేపొద్దున ఎవరైనా ఎందుకు కూర్చుంది అని అడిగితే నేనేం చూపించను?"

"తిన్న కంచం చూపించండి."

"కంచం రిఫరెన్సు కాదండీ," అన్నారాయన, పాపం, కళ్లు దించుకుని.

సరే, రిఫరెన్సే కావాలి కదా అనుకున్నాను. ఆఫీసు బీరువాలో ఎనభై ఆరు వ్యాసాలూ దుమ్ముపట్టి ఉన్నాయి. వాటినీ, ఒక డిక్షనరీనీ తెచ్చి మంచం మీద పరిచాను. నా చదువు మిల్లు గేటు దగ్గర కరపత్రాలతో మొదలైంది. ఇంగ్లీషుతో కుస్తీ పట్టడం నాకు కొత్త కాదు. దాలినాయుడు సాయం కూర్చున్నాడు.

"గురువుగారూ, ఇదీ అదీ ఒకేలా ఉన్నాయేటి?"

"ఒకటేరా. పేరు మార్చి మళ్లీ అచ్చేశారు."

"సీజన్ టికెట్టన్నమాట."

గురు, శుక్ర మధ్యాహ్నాలు పోయాయి. శనివారం మధ్యాహ్నానికి ఎనభై అయిదు అయ్యాయి. ఎందులోనూ కూర్చోవడం లేదు. నడవడం ఉంది, పాడటం ఉంది, బంతి విసరడం ఉంది. ఆఖరుది అన్నిటికన్నా మొదటిది, ఇరవై రెండేళ్ల నాటిది. తొమ్మిదో పేజీలో ఒక పట్టిక కింద చీమల బారులాంటి అక్షరాలు. ఒక్కో మాటా డిక్షనరీలో చూసుకుంటూ తెలుగు చేశాను.

'ఆయా–4 అనే ఉద్యోగిని ఏ ప్రశ్నా అడగక, ఏ సలహా ఇవ్వక, కేవలం పక్కన కూర్చుని దూదివత్తులు చేసుకొనుట గమనించబడినది. ఆమె కూర్చున్న పూట అందరూ భోజనం చేసిరి. కారణం మాకు తెలియదు.'

దాలినాయుడు నల్లకోటు సవరించుకుని లేచి నిలబడ్డాడు. "ఫస్టు క్లాసు!" అని వార్డంతా వినిపించేలా అరిచాడు.

ఇద్దరం మృత్యుంజయరావు గారి దగ్గరకు పరుగెత్తాం. అంటే మా వయసుకి తగ్గ పరుగు. ఆయన చదివారు. ముఖం వెలిగింది. "అద్భుతం! కొత్త ఉల్లేఖనం! కూర్చోవడం శాస్త్రీయమే!" అన్నారు. తర్వాత మళ్లీ చదివారు. వెలుగు తగ్గింది. "కాని ఇది ఆయా–4 కూర్చోవడం గురించి మాత్రమే. ఇతరులు కూర్చుంటే చెల్లదు. ఆయా–4 ఎవరో నిర్ధారణ కావాలి."

పైడమ్మని పిలిచాను. ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "అప్పుడు నలుగురం ఉండీవోళ్లం బాబూ. గురమ్మ పోనాది, రాములమ్మ పోనాది, లచ్చిమి పోనాది. వత్తులు సేసీదాన్ని నానే. నానే అయ్యుంటాను."

"నువ్వే అని నువ్వే చెప్తే అది స్వీయ ఉల్లేఖనం," అన్నారాయన జాలిగా. "లెక్కలోకి రాదు. పాత హాజరుపట్టీ, అదే మస్టర్ రోల్, చూపించండి."

మస్టర్ రోల్ చెదపురుగులు ఉల్లేఖించేశాయి. సోమవారం ఆర్డరు అలాగే ఉంది.

ఆదివారం పురస్కార సభ. క్షేత్రస్థాయిలోనే ఇవ్వాలని మా వరండా ముందే షామియానా వేశారు. నల్లబల్ల మీద 'మొత్తం ఉల్లేఖనాలు 27,506' అని రంగుసుద్దతో రాశారు. కారు ఆగింది. హైమవతి గారు దిగారు. డెబ్బై దగ్గర పడిన మనిషి, చేతికర్ర, ఎడమ మోకాలు ఈడుస్తున్నారు. గేటు దగ్గర దాలినాయుడిని చూసి నవ్వారు.

"బాగున్నారా?"

దాలినాయుడు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఆ మాట మగోళ్లని అడక్కూడదండి."

"ఎవరన్నారు?"

"మీరేనండి. రెండు వేల ఏడు."

ఆవిడ అచ్యుతరామయ్య గారి వైపు చూశారు. ఆయన షామియానా గుంజ వైపు చూశారు. ఆ సందులో నేను దూరి, తొమ్మిదో పేజీ ఆవిడ చేతిలో పెట్టాను. "అమ్మా, దండలు తర్వాత. ఈ ఆయా–4 ఎవరో చెప్పండి. రేపు పొద్దున్న అంబులెన్సు వస్తుంది." సుభద్రమ్మ గారి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ చీమల బారు చదువుకున్నారు. తలెత్తి వరండాలో వెతికారు. స్తంభం పక్కన చీపురుతో నిలబడి ఉంది పైడమ్మ.

"పైడమ్మా! వత్తులు ఇంకా చేస్తున్నావా?"

"ఓలమ్మ, నువ్వా! పుస్తకం పట్టుకుని నా ఎనకాలే తిరిగీదానివి! వచ్చిన కొత్తల ఈ ముసిలోళ్లని సూసి రోజూ మెట్ల మీద ఏడ్సీదానివి. ఎన్ని రోజులు నీ పక్కన కూకున్నానో!"

సభకు వచ్చిన పెద్దలందరూ విన్నారు. హైమవతి గారు దాచుకోలేదు. మైకు దగ్గరకు వెళ్లి ఒక్కటే చెప్పారు. "నా ప్రభావం వీళ్లమీద ఎంత పడిందని లెక్క తీశారట. నాకు తెలిసి పడింది ఒక్కటే. అది ఈమెది, నా మీద. ఆ మూడు వాక్యాలే నేను చూసింది. తర్వాతి ఎనభై అయిదూ నాకు కారణం తెలియకపోవడం వల్ల రాశాను."

మృత్యుంజయరావు గారు ఫారం తిరగేసి మరగేసి చూశారు. "మేడం, ప్రభావం కిందినుంచి పైకి పోవడానికి ఇందులో వీలు లేదు."

"ఆయా–4 ఈమే అని నేను రాసిస్తే?"

"అది మూల రచయిత ధ్రువీకరణ అవుతుంది. చెల్లుతుంది."

ఆవిడ సంతకం పెట్టేలోగా పైడమ్మ లేదు. వంటింట్లో కంచం పట్టుకుని, దూది వెతుక్కుని, ఆడవార్డులోకి వెళ్లిపోయింది. వెనకాలే హైమవతి గారు. మంచానికి ఇటు పైడమ్మ కూర్చుంది. అటు వైపు కర్ర ఆనించి, మోకాలు పట్టుకుని ఆవిడ కూడా నేల మీద చతికిలబడ్డారు. పైడమ్మ మాట్లాడకుండా కాస్త దూది తుంచి ఆవిడ ఒళ్లో వేసింది.

మేమందరం కిటికీ బయట. షామియానాలో దండలు వాడుతున్నాయి. ఇరవై నిమిషాలు. ప్రొఫెసర్ గారి వత్తులు వంకరగా వస్తున్నాయి. సుభద్రమ్మ గారు గోడమీద నుంచి చూపు తిప్పి ఆ వంకర వత్తుల వైపు కాసేపు చూశారు. చెయ్యి కంచం మీదికి వచ్చింది. పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నారు. ఆవకాయ కోసం వేలు చూపించారు. కిటికీ దగ్గర దాలినాయుడు నల్లకోటు చేతితో ముక్కు తుడుచుకున్నాడు.

సోమవారం అంబులెన్సు వచ్చింది. "ప్యాసింజరు లేరు. ఖాళీ బండి ఎల్లొచ్చు," అని దాలినాయుడే గేటు తీసి పంపేశాడు.

పై శాఖ వాళ్లు ఊరుకుంటారా? పాత సర్క్యులర్ ఎత్తేశారు. నల్లబల్ల మీదికి కూర పేరు తిరిగొచ్చింది. పలకరింపులు మగవార్డుకీ వచ్చాయి. దాలినాయుడు కోటు మడిచి పెట్టెలో పెట్టుకుని రెండు రోజులు దిగాలుగా ఉన్నాడు. ఆ తర్వాత 'నిశ్శబ్ద సన్నిధి సేవా పథకం' వచ్చింది. కూర్చోవడంలో మూడు రోజుల శిక్షణ, ఆఖరున సర్టిఫికెట్. పైడమ్మ దరఖాస్తు తిరస్కరించారు. పదో తరగతి పాసవ్వని మనిషికి కూర్చోవడంలో శిక్షణ ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమట. పథకం అమలయ్యే దాకా తాత్కాలికంగా ఆవిడనే కూర్చోమన్నారు. ఆవిడ ఆ కాగితం చదవలేదు, తీరికలేదు.

నెలకి మృత్యుంజయరావు గారు కొత్త ఫారంతో వచ్చారు. మధ్యాహ్నం వేళ, సుభద్రమ్మ గారు అన్నం తింటున్నారు, పైడమ్మ వత్తులు చేసుకుంటోంది. ఆయన మంచం పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు.

"నిశ్శబ్ద సన్నిధి వలన మీ మనఃస్థితిలో కలిగిన మార్పును, ఒకటి నుండి పది వరకు గల కొలమానంపై..."

సుభద్రమ్మ గారు ముద్ద మింగారు. ఎడం చెయ్యి చెవి దగ్గరకు పోయి, అక్కడ లేని దాన్నేదో సర్దుకుంది. ఏడాది పైచిలుకు మూగగా ఉన్న గొంతు, జిల్లా మొత్తం ఒకప్పుడు విన్న గొంతు, తడబడకుండా పలికింది.

"లైను ఎంగేజ్‌లో ఉందండీ. పెట్టేసి, మళ్లీ చేయండి."